ట్రేడింగ్ ఖాతాకు రెండో తాళం: పరికరం కొనే ముందు పెరటి తలుపు చూడండి

పాత ఫోను మార్పిడికి ఇచ్చేసి కొత్తది తెచ్చుకున్న రోజు సాయంత్రం ఒక సంగతి ఆలస్యంగా గమనించాను. ఫోటోలు వచ్చాయి, నంబర్లు వచ్చాయి, ఎప్పుడో పెట్టి మరిచిపోయిన అలారాలు కూడా వచ్చాయి. ఆరంకెల కోడ్లు చూపించే ఆథెంటికేటర్ యాప్ మాత్రం ఖాళీగా తెరుచుకుంది. పాత ఫోనులోని సమాచారమంతా పొద్దున నా చేతులతో నేనే చెరిపేశాను. ఖాతాలో ఒక పొజిషన్ (ముగించని లావాదేవీ) తెరిచి ఉంది. మర్నాడు మార్కెట్ మొదలవగానే దాన్ని మూసేయాలని అనుకున్నాను. బ్రోకర్ సహాయ కేంద్రం వారు గుర్తింపు పత్రాలు అడిగారు, ముఖం ఫోటో అడిగారు, అది సరిగ్గా లేదని మళ్ళీ అడిగారు. నాలుగో రోజుకు లోపలికి వెళ్ళగలిగాను. పొజిషన్ ఏమైందో చెప్పను.

ఆ నాలుగు రోజుల్లో ఏ దొంగా నా ఖాతా జోలికి రాలేదు. నా తాళమే నన్ను బయట నిలబెట్టింది. అందుకే ఇప్పుడు ఎవరైనా ‘రెండంచెల ధ్రువీకరణకు (పాస్‌వర్డు తర్వాత అడిగే రెండో తనిఖీకి) ఏ పరికరం మంచిది?’ అని అడిగితే, నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. ఆ పరికరం పోయిన రోజు మీరు ఏ దారిన లోపలికి వెళతారు? అదే దారిన దొంగ కూడా వెళ్ళగలడా? బ్రాండ్ల సంగతి ఆ తర్వాత.

అసలు ఇంత హడావుడి అవసరమా అనే వారూ ఉంటారు. డబ్బు తీసినా నా పేరు మీదున్న బ్యాంకు ఖాతాకే కదా వెళ్ళేది అంటారు. 2025 మొదటి నెలల్లో జపాన్‌లో జరిగింది చూస్తే ఆ ధీమా నిలవదు. అక్కడి దొంగలకు డబ్బు బయటకు తీయవలసిన అవసరమే రాలేదు. ఖాతాల్లోకి దూరి, ఉన్న మంచి షేర్లు అమ్మేసి, ఆ డబ్బుతో పెద్దగా లావాదేవీలు జరగని చిన్న కంపెనీల షేర్లు కొన్నారు. ధర ఎగబాకింది. తాము ముందే కొని పెట్టుకున్న అవే షేర్లను ఆ ధరకు వదిలించుకున్నారు. ఖాతాదారుకు మిగిలినవి కొనేవాళ్ళు లేని షేర్లు. ఏప్రిల్ నెలాఖరుకు ఈ మోసపు అమ్మకాలూ కొనుగోళ్ళూ కలిపి 30,000 కోట్ల యెన్లు దాటాయి. ఆ దెబ్బకు అక్కడి బ్రోకర్లు పదుల సంఖ్యలో రెండో అంచెను తప్పనిసరి చేశారు. కాబట్టి డబ్బు తీసేటప్పుడు మాత్రమే రెండో తనిఖీ అడిగి, లాగిన్‌కు పాస్‌వర్డుతో సరిపెట్టే ఖాతా సగం తాళం వేసిన ఇల్లే.

ఎస్సెమ్మెస్ ఓటీపీతో మొదలుపెడదాం

అందరికీ తెలిసింది, అన్నిటికన్నా బలహీనమైనది ఇదే. మీ ఓటీపీ చేరేది మీ చేతిలోని ఫోనుకు కాదు, మీ నంబరుకు. ఆ నంబరు ఏ సిమ్‌లో ఉండాలో నిర్ణయించేది టెలికాం సంస్థలోని ఒక ఉద్యోగి. వారిని మభ్యపెట్టి మీ నంబరును తన సిమ్‌లోకి మార్పించుకుంటే మీ ఓటీపీలన్నీ దొంగకే వెళతాయి. సిమ్ స్వాప్ అంటే ఇదే. సిమ్ జోలికి వెళ్ళకుండా కూడా పని జరుగుతుంది. టెలికాం సంస్థలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఎస్ఎస్7 అనే పాత వ్యవస్థలోని లోపాన్ని వాడుకుని, 2017లో జర్మనీలో ఖాతాదారుల ఓటీపీలను దారి మళ్ళించి బ్యాంకు ఖాతాలు ఊడ్చేశారు. అదే ఏడాది అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన మార్గదర్శకాల్లో ఎస్సెమ్మెస్‌ను పరిమితంగానే వాడదగ్గ పద్ధతుల్లో చేర్చింది.

దొంగ సంగతి అటుంచినా, మార్కెట్ తెరిచే నిమిషంలో ఓటీపీ కోసం తెర వైపు చూస్తూ కూర్చున్న అనుభవం లేని ట్రేడరు ఉండడు. వేరే దేశంలో ఉన్నప్పుడైతే అది వస్తుందో రాదో దైవాధీనం. ఈమెయిలుకు వచ్చే ఓటీపీ దీనికి తమ్ముడి లాంటిది. మీ మెయిలుకు ఎంత రక్షణ ఉందో దానికీ అంతే.

మీ బ్రోకర్ దగ్గర ఇది తప్ప మరేదీ లేకపోతే? ఖాతాకు వాడే నంబరును వేరే ఎక్కడా ఇవ్వకండి. సిమ్ మార్పిడికి, నంబరు పోర్టింగుకు అడ్డుకట్టగా పిన్ పెట్టే సదుపాయం టెలికాం సంస్థ ఇస్తే పెట్టించుకోండి. ఆ పైన, పదవీ విరమణ నాటికి దాచుకుంటున్న పెద్ద మొత్తమైతే బ్రోకర్‌నే మార్చడం గురించి ఆలోచించండి. ఈ మాట అతిగా అనిపించవచ్చు. కానీ ఎంత మంచి పరికరం కొన్నా, దాన్ని ఒప్పుకోని బ్రోకర్ దగ్గర అది తాళంచెవుల గుత్తికి అలంకారమే.

ఆథెంటికేటర్ యాప్

ఖాతాలో దీన్ని మొదలుపెట్టినప్పుడు ఒక క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది. అందులో ఉండేది ఒక రహస్య అక్షరాల వరుస. దాన్నీ గడియారంలోని సమయాన్నీ కలిపి లెక్కకట్టి, సాధారణంగా 30 సెకన్లకు ఒకసారి యాప్ కొత్త ఆరంకెల కోడ్ చూపిస్తుంది. అదే లెక్క బ్రోకర్ సర్వరూ వేస్తుంది. రెండూ కలిస్తే తలుపు తెరుచుకుంటుంది. 2011లో ఖరారైన ఈ ప్రమాణం పేరు టీఓటీపీ. నెట్‌వర్కుతో పని లేదు, టెలికాం సంస్థతో అంతకన్నా లేదు. ఫోను గడియారం తప్పితే కోడ్ కూడా తప్పుతుంది. ‘సరైన కోడే కొట్టినా ఒప్పుకోవడం లేదు’ అనే ఫిర్యాదు వస్తే ముందు సమయం చూడండి.

ఈ లెక్క తెలిస్తే ఒక మేలుంది. రహస్యం ఒకటే అయితే ఎన్ని పరికరాలైనా ఒకే కోడ్ చూపిస్తాయి. అంటే ఆ క్యూఆర్ కోడ్ తెర మీద ఉండగానే దాన్ని రెండు ఫోన్లతో, లేదా ఒక ఫోనూ ఒక ట్యాబ్లెట్‌తో స్కాన్ చేయవచ్చు. క్యూఆర్ కింద చిన్న అక్షరాల్లో కనిపించే వరుసను కాగితం మీద రాసి బీరువాలో దాచవచ్చు. ఈ ఒక్క నిమిషం పని చేసి ఉంటే నాకు ఆ నాలుగు రోజులు తప్పేవి. స్క్రీన్‌షాట్ మాత్రం తీయకండి. అది గ్యాలరీలోకి, అక్కడి నుంచి క్లౌడ్‌లోకి, అక్కడి నుంచి మీరు లాగిన్ అయి మరిచిపోయిన ఇంకో కంప్యూటర్‌లోకి వెళ్ళి కూర్చుంటుంది.

ఏ యాప్? బ్యాకప్ ఎలా చేస్తుందో చూసి ఎంచుకోండి, మిగతావన్నీ హంగులే. గూగుల్ ఆథెంటికేటర్‌కు 2023 ఏప్రిల్ దాకా క్లౌడ్ బ్యాకప్ లేదు. వచ్చిన కొద్ది నెలలకే ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో చొరబాటు జరిగింది. ఉద్యోగి గూగుల్ ఖాతా చేజిక్కడంతో అందులో భద్రపడిన కోడ్లన్నీ దొంగ చేతికి వెళ్ళాయని ఆ సంస్థ చెప్పుకుంది. సౌకర్యానికి మూల్యం అదే. క్లౌడ్ బ్యాకప్ వాడితే ఆ క్లౌడ్ ఖాతాయే మీ అసలు తాళం అవుతుంది. ఆథీ యాప్ 2024లో తన కంప్యూటర్ రూపాన్ని మూసేసింది. దాని మీదే ఆధారపడినవాళ్ళు హడావుడిగా వేరే చోటు వెతుక్కున్నారు. రహస్యాలను ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలుగా బయటకు తీసుకోనిచ్చే యాప్ అయితే ఇలాంటి రోజున మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోవచ్చు. కోడ్లను పాస్‌వర్డు మేనేజర్‌లోనే పెట్టుకోవడం హాయిగా ఉంటుంది, నిజమే. కానీ తాళాన్నీ తాళంచెవినీ ఒకే గూట్లో పెట్టినట్టు. ట్రేడింగ్ ఖాతాకు నేను ఆ పని చేయను.

టీఓటీపీ ఆపలేనిది ఒకటుంది: దొంగ వెబ్‌సైటు. మీ బ్రోకర్ పేజీకి అచ్చు కవల లాంటి పేజీ తెరిచి, మీరు కొట్టిన పాస్‌వర్డునూ ఆరంకెలనూ ఆ క్షణంలోనే అసలు సైటుకు అందించి లోపలికి వెళ్ళిపోతారు. ముప్పై సెకన్ల గడువు మనిషికి తక్కువ, యంత్రానికి బోలెడు.

ఫోనులో వచ్చే ‘అవునా, కాదా’ నోటిఫికేషన్ పద్ధతికీ ఇదే జబ్బు. దానికి ఇంకో జబ్బు కూడా ఉంది. విసుగు పుట్టేదాకా నోటిఫికేషన్లు పంపుతూనే ఉంటారు, చివరికి ఎవరో ఒకరు ‘అవును’ నొక్కుతారు. 2022లో ఉబర్ సంస్థలోకి దొంగ దూరింది ఇలాగే. తెర మీది అంకెను ఫోనులో కొట్టమని అడిగే రకమైతే కాస్త నయం.

బ్రోకర్ ఇచ్చే టోకెన్

చిన్న తెరతో, కోడ్ చూపించే గుత్తి బిళ్ళలు ఇప్పటికీ కొందరు ఇస్తారు. ఫోనుతో సంబంధం లేదు కాబట్టి పెద్దవాళ్ళకు వాడడం సులువు. కానీ బ్యాటరీ మార్చే వీలు సాధారణంగా ఉండదు, కొన్నేళ్ళకు పారేయవలసిందే. ఖాతాకు ఒకటి చొప్పున పోగవుతాయి. రహస్యం మీ దగ్గరే కాదు, తయారీదారు దగ్గరా ఉండవచ్చు. 2011లో ఇలాంటి టోకెన్ల తయారీదారు ఆర్ఎస్ఏ సంస్థ మీద దాడి జరిగి సెక్యూర్‌ఐడీ టోకెన్ల సమాచారం పోయింది. ఆ తర్వాత టోకెన్లు మార్చి ఇస్తామని ఆ సంస్థ ప్రకటించవలసి వచ్చింది. బ్రోకర్ ఉచితంగా ఇస్తే ఎస్సెమ్మెస్ కన్నా మేలని తీసుకోండి, కోరి కొనవలసిన వస్తువు కాదు.

సెక్యూరిటీ కీ

ఇక నా ఓటు దీనికి. బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దది. కంప్యూటర్ యూఎస్‌బీలో పెడతారు, లేదా ఫోను వెనుక ఎన్ఎఫ్‌సీ (ఆనిస్తే చాలు, తీగ లేకుండా మాట్లాడుకునే సదుపాయం) ఉన్న చోట ఆనిస్తారు. చిన్న దీపం మిణుకుమంటుంది. వేలితో తాకితే పని అయిపోతుంది. కొట్టవలసిన అంకె లేదు, కాబట్టి దొంగకు అప్పజెప్పడానికీ ఏమీ లేదు.

కిటుకు ఆ తాకిడిలో లేదు. ఖాతాలో కీని నమోదు చేసేటప్పుడు ఆ వెబ్‌సైటు చిరునామాకు మాత్రమే చెల్లే ఒక రహస్యం తయారవుతుంది. తర్వాత ఎప్పుడు లాగిన్ అయినా, ఎదురుగా ఉన్నది అదే చిరునామా అవునో కాదో చూసేది బ్రౌజరూ కీ, మీ కళ్ళు కాదు. ఒక్క అక్షరం తేడా ఉన్న నకిలీ సైటు మిమ్మల్ని మోసం చేయగలదు కానీ కీని మోసం చేయలేదు. 2022 జులైలో క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ సేవల సంస్థ ఉద్యోగులకు ఇలాంటి నకిలీ పేజీ లింకులు వచ్చాయి. ముగ్గురు నమ్మి పాస్‌వర్డులు కొట్టేశారు. అయినా దొంగలు లోపలికి రాలేకపోయారు, అక్కడ అందరి దగ్గరా కీలు ఉన్నాయి కాబట్టి. ఆ దాడి చేసినవాళ్ళే అదే కాలంలో ట్విలియో సంస్థలోకి దూరగలిగారు. 2017లో ఉద్యోగులందరికీ కీలు తప్పనిసరి చేశాక, 85,000 మందికి పైగా ఉన్న తమ సిబ్బందిలో ఎవరి ఖాతా కూడా ఫిషింగ్‌కు, అంటే నకిలీ పేజీల మోసానికి, చిక్కలేదని గూగుల్ మరుసటి ఏడాది చెప్పింది.

కొనేటప్పుడు ఒక ఉచ్చుంది, చాలామంది అందులో పడతారు. మీ బ్రోకర్ సెక్యూరిటీ కీని నేరుగా ఒప్పుకుంటే, ఫిడో2 (ఇలాంటి కీలు పాటించే ఉమ్మడి ప్రమాణం) ఉన్న ఏ కీ అయినా సరిపోతుంది. అలా కాకుండా బ్రోకర్ దగ్గర టీఓటీపీ మాత్రమే ఉంటే? అప్పుడు ఆరంకెల రహస్యాన్ని కూడా దాచుకోగల కీ కావాలి. యూబికో సంస్థ అమ్మే యూబీకీ 5 వరుసలోవి, నైట్రోకీ 3 ఆ పని చేస్తాయి. యూబీకీని ఫోనుకు ఆనిస్తే తయారీదారు యాప్‌లో కోడ్ కనిపిస్తుంది, తీసేస్తే ఫోనులో ఏమీ మిగలదు. అదే యూబికో అమ్మే చవక రకం ‘సెక్యూరిటీ కీ’లో గానీ గూగుల్ టైటాన్‌లో గానీ ఈ సదుపాయం లేదు. చూడడానికి అన్నీ ఒకేలా ఉంటాయి. బ్రోకర్ సెట్టింగుల పేజీ తెరిచి అక్కడ ఏమి రాసి ఉందో చదవకుండా కొనకండి.

బ్లూటూత్ ఉన్న కీ వద్దు. 2019లో టైటాన్ బ్లూటూత్ కీలో లోపం బయటపడి గూగుల్ వాటిని ఉచితంగా మార్చి ఇచ్చింది. యూఎస్‌బీ, ఎన్ఎఫ్‌సీ రెండూ ఉంటే చాలు. మీ ఫోనుకూ కంప్యూటర్‌కూ ఉన్న యూఎస్‌బీ రంధ్రం ఏ రకమో ముందే చూసుకోండి. తయారీదారు దగ్గర గానీ వారి అధికారిక విక్రేత దగ్గర గానీ కొనండి, వాడినది అసలే వద్దు.

యూబీకీ లోపలి సాఫ్ట్‌వేర్‌ను మార్చే వీలు లేదు. దాని వల్ల దొంగ కూడా మార్చలేడు, లోపం దొరికితే తయారీదారూ బాగు చేయలేడు. 2024 సెప్టెంబరులో, లోపలి సాఫ్ట్‌వేర్ వెర్షన్ 5.7కు ముందరిదైన యూబీకీల్లోని చిప్‌లో ఒక లోపం ఉందని పరిశోధకులు చూపించారు. కీ చేజిక్కించుకుని, ప్రత్యేక పరికరాలతో కొలిస్తే గానీ ఆ దాడి సాధ్యం కాదు. మామూలు మదుపరి దాని కోసం పాత కీని పారేయనక్కరలేదని నా అభిప్రాయం. కొత్తగా కొనేవారు మాత్రం 5.7 లేదా ఆ పైది అడిగి తీసుకోవడం మంచిది. నైట్రోకీ సాఫ్ట్‌వేర్‌ను నవీకరించవచ్చు. ఎవరి పద్ధతి వారిది, రెండూ నాకు సమ్మతమే.

ఒక్క కీ మాత్రం కొనకండి. కొంటే రెండు, లేకపోతే వద్దు. రెండింటినీ ఒకే రోజు, ఒకే దఫాలో నమోదు చేయండి. ఒకటి మీతో, రెండోది ఇంటికి దూరంగా నమ్మకమైన చోట. రెండో కీ నమోదుకు బ్రోకర్ ఒప్పుకోకపోతే అది తీవ్రమైన లోపంగానే లెక్కించండి.

పాస్‌కీ

కీలోని కిటుకే పాస్‌కీలోనూ ఉంది, రహస్యం మాత్రం ఫోనులోనో కంప్యూటర్‌లోనో ఉంటుంది. వేలిముద్రతో తెరుచుకుంటుంది. 2022 మేలో ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ కలిసి దీనికి మద్దతు ప్రకటించాక వేగంగా పాకింది. నకిలీ సైటు దగ్గర ఇదీ పలకదు. ఫోను పోతే కొత్త ఫోనులోకి క్లౌడ్ నుంచి దానంతటదే వస్తుంది. నిజాయితీగా చెప్పాలంటే చాలామందికి ఇదే సరైన ఎంపిక, నాలాగా గుత్తి కీలు మోసుకు తిరగనక్కరలేదు. షరతు ఒక్కటే. ఆ ఆపిల్ లేదా గూగుల్ ఖాతాకు గట్టి తాళం ఉండాలి, అక్కడ ఎస్సెమ్మెస్‌తో రికవరీ పెట్టుకుంటే కథ మొదటికి వస్తుంది. ఇంకో చిన్న మాట: ఫోను పిన్ తెలిసిన ప్రతి ఒక్కరికీ పాస్‌కీ కూడా తెలిసినట్టే. పిల్లలకు ఆటలాడుకోవడానికి పిన్ చెప్పిన వారు ఆలోచించుకోండి.

పెరటి తలుపు

ఇప్పుడు మొదటి ప్రశ్నలకు వద్దాం. 2024 జనవరి 9న అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి ఎక్స్‌లో (పాత ట్విటర్‌లో) ఉన్న ఖాతానే దొంగలు పట్టేశారు. ఖాతాకు ముడిపడిన ఫోను నంబరును సిమ్ స్వాప్‌తో లాక్కుని, దాని సాయంతో పాస్‌వర్డు మార్చేశారు. బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకు (ఎక్స్ఛేంజీలో షేర్లలా కొనగల బిట్‌కాయిన్ నిధులకు) అనుమతి వచ్చేసిందని అబద్ధపు ప్రకటన పెట్టారు. బిట్‌కాయిన్ ధర వెయ్యి డాలర్లకు పైగా ఎగిరి, నిజం తెలియగానే రెండు వేలకు పైగా పడింది. లాగిన్ ఇబ్బందుల వల్ల ఆ ఖాతాకు రెండంచెల ధ్రువీకరణను ఆరు నెలల ముందే తీసేయించారు. మదుపరుల భద్రత చూసే సంస్థకే ఈ గతి పట్టింది.

మీ ఖాతాలో ఇది ఎలా ఉందో చూడడం సులువు. ఇంతకుముందు వాడని బ్రౌజరులో బ్రోకర్ పేజీ తెరిచి పాస్‌వర్డు కొట్టండి. కీ అడుగుతుంది. ఇవ్వకండి. కింద ‘మరో పద్ధతి’ అనే చిన్న లింకు ఉంటే నొక్కండి. ‘మీ నంబరుకు కోడ్ పంపుతాం’ అని వచ్చిందా? అయితే మీ ఖాతా బలం కీది కాదు, ఆ ఎస్సెమ్మెస్‌ది. సెట్టింగుల్లో దాన్ని తీసేసే వీలుంటే తీసేయండి. తీసేయనివ్వని బ్రోకర్లు ఉన్నారు. అలాంటప్పుడు కీ నకిలీ సైట్ల నుంచి కాపాడుతుంది, సిమ్ స్వాప్ నుంచి కాదు, ఆ లెక్కతోనే ఉండండి. ‘పాస్‌వర్డు మరిచిపోయాను’ లింకును కూడా ఇలాగే చివరిదాకా నడిపి చూడండి. మొబైల్ యాప్, కంప్యూటర్‌లోని ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్ కీని అడుగుతాయో, లేక పాత పద్ధతిలోనే తలుపు తీస్తాయో అదీ చూడండి. వెబ్‌సైటుకు మాత్రమే కీ పెట్టి తక్కినవి వదిలేసిన చోట్లు నేను చూశాను.

ఎవరికి ఏది? ఏడాదికి నాలుగుసార్లు లాగిన్ అయి షేర్లు చూసుకునేవారికి, బ్రోకర్ ఒప్పుకుంటే, రెండు కీలు, బీరువాలో కాగితం మీద బ్యాకప్ కోడ్లు (కీ లేని రోజు వాడడానికి బ్రోకర్ ముందే ఇచ్చేవి). రోజూ ట్రేడ్ చేసేవారికి ఫోనులో పాస్‌కీ, దానికి తోడు ఒక కీ. మార్కెట్ నడుస్తుండగా ఫోను చచ్చిపోతే ఆ కీ పనికొస్తుంది. టీఓటీపీ మాత్రమే ఉన్న బ్రోకరైతే యాప్ రెండు పరికరాల్లో. మొత్తం పెద్దదైతే ఆ రహస్యం యూబీకీ 5 లాంటి దానిలో, అది కూడా రెండింటిలో. ఆరంకెలు చూసి కొట్టడానికి కళ్ళు సహకరించని పెద్దవాళ్ళకు కీయే సుఖం. మా ఇంట్లో ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. మీరు లేని రోజున ఖాతా ఎవరికి చెందాలో వారికి రెండో కీ ఎక్కడుందో తెలిసి ఉండాలి.

నమోదు పూర్తయ్యాక, మార్కెట్ సెలవు రోజున ఫోను ఆపేసి, రెండో కీతో మాత్రమే ఖాతాలోకి వెళ్ళి చూడండి. నేను ఆరు నెలలకు ఒకసారి చేస్తాను. కిందటిసారి కీ దొరికింది, దీపం వెలిగింది, కీకి నేను పెట్టుకున్న పిన్ అడిగింది. అది గుర్తు రాలేదు. ఎనిమిదిసార్లు వరుసగా తప్పితే కీ లోపలిదంతా చెరిపి మళ్ళీ మొదలుపెట్టవలసిందే. మూడు తప్పాక కీని ఊడదీసి మళ్ళీ పెట్టమంది. అయిదోసారి గుర్తొచ్చింది.